స్పాలో 21వ నంబరు కారు

శనివారం మధ్యాహ్నం, ఓ రూజ్

2009 ఆగస్టు 29. మీరు బెల్జియంలో, ఆర్డెన్ కొండల అడవిలో నిలబడి ఉన్నారు. ఆ చెట్ల మధ్యే 7.004 కిలోమీటర్ల తారు రోడ్డు మెలికలు తిరిగి, బయల్దేరిన చోటికే వస్తుంది. స్పా-ఫ్రాంకోర్‌షాంప్ సర్క్యూట్ అది. మీ చేతులు కంచె తీగ మీద ఉన్నాయి. కంచెకి అవతల ఓ రూజ్ పల్లం.

పైన లా సోర్స్ మలుపు దగ్గర కారు కనపడుతుంది. అక్కడ వేగం బాగా తగ్గించి, గుండ్రంగా తిరిగి, పల్లంలోకి దూకుతుంది. అడుగున ఒక్క క్షణం కారు మొత్తం నేలకి అదుముకుపోతుంది. వెంటనే ఎడమకి, కుడికి మెలిక. ఆపైన రెడియోన్ ఎత్తు. ఎత్తు మీద ఇంకో ఎడమ మలుపు ఉంది. అక్కడికి చేరేదాకా డ్రైవర్‌కి అది కనపడదు. అయినా కాలు యాక్సిలరేటర్ మీంచి తియ్యడు. తీస్తే ఆ తర్వాత వచ్చే పొడవాటి కెమెల్ స్ట్రెయిట్ అంతటా ఆ నష్టం వెంటాడుతుంది.

ఇంజన్లు 2.4 లీటర్ల వి8లు, నిమిషానికి 18,000 చుట్లు. ఆ మోత చెవుల్లో పెట్టుకున్న బిరడాలని దాటి ఛాతీకి తగులుతోంది. పక్కాయన ఏదో అంటున్నాడు. పెదాలు కదలడం కనపడుతోంది, మాట వినపడటం లేదు.

క్వాలిఫయింగ్ ముగింపుకొచ్చింది. తెల్లటి కారు, దాని మీద కాషాయం, ఆకుపచ్చ చారలు. ముక్కు మీద 21. ఫోర్స్ ఇండియా. నడుపుతున్నది రోమ్ మనిషి జియాన్‌కార్లో ఫిసికెల్లా, వయసు 36. పల్లంలో కారు ఊగలేదు, ఎత్తు మీద తడబడలేదు. ఎక్కింది, మాయమైంది. కాసేపటికి స్క్రీన్ మీద అంకె పడింది. 1 నిమిషం 46.308 సెకన్లు. టయోటా కారులో ఉన్న యార్నో ట్రుల్లీ దీని కంటే 0.087 సెకను వెనకపడ్డాడు.

పోల్ పొజిషన్, అంటే రేసు మొదలెట్టే మొదటి స్థానం, ఫోర్స్ ఇండియాది.

చుట్టూ ఉన్నవాళ్ళు స్క్రీన్ వైపు ఇంకోసారి చూస్తున్నారు. చూడరా మరి! ఈ టీము ఇప్పటిదాకా 29 రేసులు పరిగెత్తింది. సంపాదించిన పాయింట్లు సున్నా. మొదటి ఎనిమిది మందికీ పాయింట్లిచ్చే రోజుల్లో, ఒక్కటంటే ఒక్క పాయింటు లేదు. 2008 మొనాకోలో ఈ టీము ఇంకో డ్రైవర్ ఆడ్రియన్ సుటిల్ నాలుగో స్థానంలో ఉండగా ఫెరారీ డ్రైవర్ కిమీ రైకోనెన్ వెనకనుంచి వచ్చి గుద్దాడు. 2009లో చైనా వానలో ఆరో స్థానంలో ఉండగా, ఇంకొన్ని ల్యాపులుందనగా, సుటిల్ కారు నీళ్ళ మీద జారి గోడకి కొట్టుకుంది. జర్మనీలో ముందు వరుసలో పరిగెడుతూ పిట్ నుంచి బయటికొస్తుంటే మళ్ళీ అదే రైకోనెన్ కారుతో ఢీ. అదే ఏడాది మొనాకోలో ఫిసికెల్లా తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకున్నాడు. అలాంటి టీము ఇవాళ అందరికన్నా ముందుంది.

శనివారం సాయంత్రం, గ్యారేజీ

ఇక లోపలికి రండి. క్వాలిఫయింగ్ మొదలయ్యాక రేసు ముగిసేదాకా కారు సెటప్ ముట్టుకోకూడదన్నది నిబంధన. కాబట్టి ఇప్పుడు స్పానర్ల చప్పుడు తక్కువ, కంప్యూటర్ స్క్రీన్ల వెలుగు ఎక్కువ. ఈ కారు పేరు వీజేఎం02. ముక్కు నుంచి తోక దాకా తీరిగ్గా చూడండి.

ఇదే టీము 2008లో ఫెరారీ ఇంజన్ వాడింది. ఆ ఏడాది నవంబరులో ఇంజన్ మెర్సిడెస్‌ది, గేర్‌బాక్సూ హైడ్రాలిక్సూ మెక్‌లారెన్‌వి అని ఒప్పందం కుదిరింది. ఇంజన్ మారితే మిగతా కారంతా మారాలి. కూలింగ్ రేడియేటర్లు, వెనక సస్పెన్షన్, బరువు పంచుకునే తీరు, అన్నీ కొత్తగా గీయాల్సిందే. కొత్త సీజనుకి ఐదు నెలలు కూడా పూర్తిగా లేవు. పైగా 2009లో రూల్సే తిరగబడ్డాయి. ముందు రెక్క వెడల్పయింది, వెనక రెక్క సన్నబడి ఎత్తు పెరిగింది, పదకొండేళ్ళ తర్వాత గాళ్ళు లేని స్లిక్ టైర్లు తిరిగొచ్చాయి. టెక్నికల్ డైరెక్టర్ జేమ్స్ కీ, డిజైన్ చూసే మార్క్ స్మిత్, వాళ్ళ వెనక సిల్వర్‌స్టోన్ ఫ్యాక్టరీలోని జనం కలిసి ఈ కారుని మార్చిలో మొదటి రేసుకి నిలబెట్టారు. అప్పట్నుంచి ముక్క ముక్కగా మెరుగుపరుస్తూ వచ్చారు. వారం కిందట, ఆగస్టు 23న వాలెన్సియా రేసుకి పెద్ద ఏరోడైనమిక్ ప్యాకేజీ తెచ్చారు. అక్కడ సుటిల్ పదో స్థానంలో వచ్చాడు. పాయింటు రాలేదు గానీ, కారు మారిందని ఇంజనీర్లకి తెలిసింది.

ఇక్కడొక్క విషయం అర్థమైతే ఈ వారాంతం మొత్తం అర్థమవుతుంది. గాలి కారుని రెండు రకాలుగా పట్టుకుంటుంది. పైనుంచి అదిమితే డౌన్‌ఫోర్స్, అది మలుపుల్లో టైరుకి పట్టునిస్తుంది. ఎదురొచ్చి నెడితే డ్రాగ్, అది స్ట్రెయిట్‌లో వేగం తింటుంది. రెక్క నిలబెడితే రెండూ పెరుగుతాయి, పడుకోబెడితే రెండూ తగ్గుతాయి. డ్రాగ్ పెద్దగా పెరగకుండా డౌన్‌ఫోర్స్ రాబట్టడమే డిజైనర్ల పని. వీజేఎం02 గాలిని కోసుకుంటూ పోయే రకం. డ్రాగ్ తక్కువ, మెర్సిడెస్ ఇంజన్ బలం. డౌన్‌ఫోర్స్ మాత్రం పెద్ద టీములంత లేదు. అందుకే నిదానపు మలుపులుండే ట్రాకుల్లో చివరి వరుసల్లో తేలింది. స్పాలో ల్యాపుని విడదీసే మూడు సెక్టార్లలో మొదటిదీ మూడోదీ దాదాపు యాక్సిలరేటర్ నేలకి తొక్కిపట్టే దారే. ఇక్కడికొచ్చేసరికి అందరూ రెక్కలు పడుకోబెట్టక తప్పదు. పడుకోబెట్టినప్పుడు ఎవరి కారు తక్కువ నష్టపోతుందో వాళ్ళదే ముందడుగు. ఇంతకాలం ఈ కారు లోపమనుకున్నదాని అవతలి వైపు ఇక్కడ బయటపడింది.

ఈ ఫ్యాక్టరీకి స్పా కొత్త కాదు. సిల్వర్‌స్టోన్ ట్రాక్ ఎదురుగా ఉండే ఈ భవనం ఒకప్పుడు ఎడ్డీ జోర్డాన్‌ది. 1991లో మైకేల్ షూమాకర్ తన మొదటి ఫార్ములా వన్ రేసు ఈ ట్రాకులోనే జోర్డాన్ కారులో మొదలెట్టాడు. 1998లో డేమన్ హిల్ ఆ టీముకి మొదటి గెలుపు తెచ్చిందీ ఇక్కడే. మధ్యలో 1997లో, ఇదే స్పాలో, రెండో స్థానంలో వచ్చిన జోర్డాన్ కుర్రాడి పేరు జియాన్‌కార్లో ఫిసికెల్లా. 2005లో నరేన్ కార్తికేయన్ భారతదేశపు మొదటి ఫార్ములా వన్ డ్రైవర్ అయింది కూడా జోర్డాన్ కారులోనే. తర్వాత ఆ టీము మిడ్‌లాండ్ అయింది, స్పైకర్ అయింది. 2007లో విజయ్ మాల్యా, మిఖీల్ మోల్ కొన్నాక ఫోర్స్ ఇండియా అయింది. యజమానులు మారారు, రంగులు మారాయి. పనిముట్లు పట్టే చేతులు చాలావరకు అక్కడే ఉండిపోయాయి.

ఆదివారం ఉదయం, ప్యాడాక్

పొద్దున్నే ప్యాడాక్‌లో ఏ బల్ల దగ్గర ఆగినా రెండే మాటలు.

మొదటిది: "పెట్రోల్ తక్కువ పోసుకుని పోల్ కొట్టారా?" ఈ ఏడాది రేసు మధ్యలో పెట్రోల్ నింపుకోవచ్చు. మొదటి పది స్థానాలవాళ్ళు రేసుకి పోసుకున్న పెట్రోల్‌తోనే చివరి క్వాలిఫయింగ్ ల్యాపులు తిప్పాలి. కాబట్టి తేలిక కారుతో ముందు వరుసలో కూర్చుని, తర్వాత అందరికన్నా ముందే పిట్‌లోకి పరిగెత్తేవాళ్ళుంటారు. జవాబు శనివారం సాయంత్రమే అచ్చయి గోడకెక్కింది. ఫిసికెల్లా కారు బరువు 648 కిలోలు. వెనక ఆరో స్థానం నుంచి మొదలెట్టే రైకోనెన్‌ది 655. తేడా ఏడు కిలోలు. దాంతో పోల్ రాదు.

రెండోది: "ఫిసికెల్లా ఫెరారీకి వెళ్తున్నాడా?"

ఈ పుకారు ఊరికే పుట్టలేదు. జూలై 25న హంగరీ క్వాలిఫయింగ్‌లో రూబెన్స్ బారికెల్లో కారు నుంచి ఊడిన స్ప్రింగ్ ఫెలిపే మస్సా హెల్మెట్‌కి తగిలింది. మస్సా ఆస్పత్రి పాలయ్యాడు. ఫెరారీలో ఒక సీటు ఖాళీ. షూమాకర్ తిరిగొస్తున్నాడన్నారు, ప్రపంచమంతా పండగ చేసుకుంది. మోటార్ సైకిల్ మీంచి పడ్డప్పటి మెడ దెబ్బ ఒప్పుకోలేదు, ఆగస్టు 11న ఆయన విరమించుకున్నాడు. ఏళ్ళ తరబడి ఫెరారీ టెస్ట్ డ్రైవర్‌గా ఉన్న లూకా బడోయర్‌ని కూర్చోబెట్టారు. 1999 తర్వాత ఆయన రేసు చేసింది లేదు. వాలెన్సియాలో గ్రిడ్ మీద చివరివాడు, ఇక్కడా చివరివాడే. తర్వాతి రేసు ఫెరారీ సొంత నేల మోంజాలో. ఇటలీ జనం ముందు ఆ ఎర్రకారు చివర్న పరిగెత్తడాన్ని ఎవరూ ఊహించలేకపోతున్నారు. ఇక మిగిలింది ఎవరు? అనుభవమున్నవాడు, ఇటలీవాడు, ఫెరారీలో కూర్చోవాలని చిన్ననాటి నుంచీ కలలు కన్నవాడు. నిన్న పోల్ కొట్టినవాడు.

రైకోనెన్ మీదా ఇంకో పుకారు తిరుగుతోంది. అతని సీటు వచ్చే ఏడాది ఫెర్నాండో అలోన్సోకి ఇస్తారట. అంటే ఫెరారీలోకి వస్తాడని ఒకరి గురించి, ఫెరారీ నుంచి పోతాడని ఇంకొకరి గురించి చెప్పుకుంటున్నారు. ఈ మధ్యాహ్నం గెలుపు కోసం కొట్లాడబోయేది ఆ ఇద్దరే.

ఒక్క క్షణం ఫోర్స్ ఇండియా గ్యారేజీలో మెకానిక్ వైపు నిలబడి ఈ మాటలు వినండి. నెలల తరబడి రాత్రుళ్ళు మేలుకుని కట్టిన కారు మొదటిసారి ముందుకొస్తే, బయట అందరూ అడుగుతున్నది డ్రైవర్ ఎటు పోతాడని. కారు ఇక్కడిదాకా ఎలా వచ్చిందని అడిగేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

ఆదివారం మధ్యాహ్నం 2 గంటలు, గ్రిడ్

మన దగ్గర సాయంత్రం 5:30. హైదరాబాదులోనో విశాఖలోనో కారు రేసులు చూసేవాళ్ళు టీవీ ముందు కూర్చున్నారు. ఇక్కడ ఆకాశం చల్లగా ఉంది, వాన లేదు. స్పాలో అదొక వరం.

ఐదు ఎర్ర దీపాలూ ఆరాయి. ఫిసికెల్లా చక్కగా కదిలాడు. నాలుగో స్థానంలోని బారికెల్లో ఇంజన్ చప్పబడింది, కార్లు అతని రెండు పక్కల నుంచీ పోతున్నాయి. ట్రుల్లీ ముందు రెక్క విరిగింది. లా సోర్స్‌లో రైకోనెన్ లోపలికి ఇరుక్కోకుండా బయటి తారు మీదుగా వెడల్పుగా పోయాడు. వేగం చచ్చిపోలేదు. ఆ ఊపుతో ఓ రూజ్ దిగి, కెమెల్ స్ట్రెయిట్ మీద ఒక్కొక్కర్నీ దాటుతూ రెండో స్థానానికి వచ్చేశాడు. వెనక లే కోంబ్ మలుపులో గ్రోజాన్ కారు తగిలి ఛాంపియన్‌షిప్‌లో ముందున్న జెన్సన్ బటన్ గడ్డిలోకి తిరిగిపోయాడు. అక్కడే హామిల్టన్, అల్గెర్సువారి కూడా ఢీకొన్నారు. నాలుగు కార్లకి రేసు అక్కడితో సరి. సేఫ్టీ కార్ బయటికొచ్చింది.

ఫిసికెల్లాకి ఇదే చెడు వార్త. సేఫ్టీ కార్ వెనక అందరూ ఒకరినొకరు ఆనుకుని నడుస్తారు. అతను సంపాదించిన దూరమంతా తుడిచిపెట్టుకుపోయింది. అద్దంలో కనపడుతున్నది ఎర్ర కారు.

5వ ల్యాప్, కెమెల్ స్ట్రెయిట్

మీరు ఇప్పుడు కొండ మీద, లే కోంబ్ వైపు చూస్తూ ఉన్నారు. సేఫ్టీ కార్ పక్కకి తప్పుకుంది. రేసు మళ్ళీ మొదలైంది. ఫిసికెల్లా లా సోర్స్ బాగానే తిరిగాడు, ఓ రూజ్ బాగానే ఎక్కాడు. తప్పేమీ చెయ్యలేదు. అయినా రైకోనెన్ అతని వెనక గాలి చాటున దూరాడు. ఆపైన స్టీరింగ్ మీద ఒక బటన్ నొక్కాడు.

ఆ బటన్ కేర్స్‌ది. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని దాచుకుని, కావలసినప్పుడు వెనక చక్రాలకిచ్చే యంత్రం. 60 కిలోవాట్లు, అంటే ఇంచుమించు 80 హార్స్‌పవర్. ఒక ల్యాపులో 6.6 సెకన్ల సేపు వాడుకోవచ్చు. ఫెరారీలో అది ఉంది, ఫోర్స్ ఇండియాలో లేదు. బరువూ ఖర్చూ ఆ యంత్రాన్ని చాలా టీములకి దూరం చేశాయి. ఈ ఏడాది దాన్ని మోసినందుకు ఫెరారీ కూడా చాలాచోట్ల తిప్పలు పడింది. ఇక్కడ మాత్రం, ఎత్తు ఎక్కాక వచ్చే ఈ పొడవాటి రోడ్డు మీద, అది పెట్టిన ఖర్చంతా ఒక్క దెబ్బకి రాబట్టుకుంది. లే కోంబ్ బ్రేకింగ్ దగ్గరికి వచ్చేసరికి ఎర్రకారు ముందుంది.

ఇక 40 ల్యాపులు మిగిలాయి.

14వ ల్యాప్, పిట్ లేన్

ఇప్పుడు చూడాల్సింది టైర్లని.

ముందు కారుని ఒక సెకను దూరంలో వెంటాడటం టీవీలో చూడ్డానికి బాగుంటుంది. టైరుకి మాత్రం అది శిక్ష. ముందు కారు గాలిని చిందరవందర చేసి వెనక్కి వదులుతుంది. ఆ చెడిన గాలిలో వెనక కారు రెక్కలు సరిగ్గా పనిచెయ్యవు. డౌన్‌ఫోర్స్ తగ్గుతుంది, మలుపులో కారు కొద్దికొద్దిగా జారుతుంది. పూహోన్ ఇందుకు పెద్ద పరీక్ష. పల్లంలోకి దిగుతూ రెండు ఎడమ మలుపులు కలిసిపోయిన చోటది. అక్కడ బరువంతా కుడి వైపు టైర్ల మీద, మరీ ముఖ్యంగా ముందు కుడి టైరు మీద పడుతుంది. అది జారిన ప్రతిసారీ పైపొర వేడెక్కి చిరుగుతుంది. రబ్బరు ముక్కతో పెన్సిల్ రాత చెరిపితే వచ్చే పొట్టులాంటివి టైరు మీద చుట్టలు చుట్టుకుంటాయి. దాన్నే గ్రెయినింగ్ అంటారు. అప్పుడు టైరు రోడ్డుని నిండుగా తాకదు, ఆ పొట్టు మీద దొర్లుతుంది. పట్టు ఇంకా తగ్గుతుంది, ఇంకా జారుతుంది, ఇంకా చిరుగుతుంది.

తెలివైన డ్రైవర్ ఈ వలయంలో పడడు. మలుపులు ఎక్కువుండే రెండో సెక్టారులో కాస్త దూరం వదిలి టైరుకి శుభ్రమైన గాలి ఇస్తాడు. స్టావ్లో దాటాక, బ్లాన్షిమోన్ మీదుగా బస్ స్టాప్ దాకా కారు పారే చోట ఆ దూరం మళ్ళీ మింగుతాడు. తొందరపడి మలుపులోనే మీదపడితే రెండు ల్యాపుల ఆనందం, పది ల్యాపుల కష్టం.

14వ ల్యాపు చివర రైకోనెన్ పిట్‌లోకి తిరిగాడు. వెనకే ఫిసికెల్లా. "పెట్రోల్ తక్కువ" అన్నవాళ్ళకి ఇంతకన్నా మంచి జవాబు లేదు. ఫెరారీ ఎంత దూరం వచ్చిందో ఇదీ అంతే దూరం వచ్చింది.

పిట్ గోడకి ఇవతల నిలబడి చూడండి. కారు ఆగీ ఆగకముందే జాకీలు లేపుతాయి, నాలుగు మూలలా గన్‌లు గిర్రుమంటాయి. టైర్లు మూడు నాలుగు సెకన్లలో మారిపోతాయి. అందరూ ఎదురుచూసేది పెట్రోల్ గొట్టం కోసం. సెకనుకి 12 లీటర్ల చొప్పున పోస్తుంది. అంతకన్నా వేగంగా పొయ్యకూడదు, అది రూలు. కాబట్టి ఇక్కడ చేతి చురుకుదనంతో సంపాదించేది తక్కువ, తప్పు చేస్తే పోయేది చాలా ఎక్కువ. ఏ పాయింటూ లేని టీము, జీవితంలో మొదటిసారి గెలుపు కోసం పిట్ చేస్తోంది. తప్పు జరగలేదు. ఫెరారీ వెళ్ళింది, ఫోర్స్ ఇండియా వెళ్ళింది. వరుస అదే, దూరమూ ఇంచుమించు అదే.

ఇప్పుడు గ్యారేజీ వెనక్కి రండి. రేసులో అత్యంత నిజాయితీగా మాట్లాడేది విప్పేసిన టైరు. టైరు పని చూసే మనిషి దాన్ని కింద పెట్టి, వేడిగాలి గన్‌తో కాల్చి, గీకుడు కత్తితో పైన అంటుకున్న రబ్బరు పెంకుల్ని ఊడదీస్తాడు. ట్రాక్ మీద రాలిన ఇతరుల రబ్బరు అది. దాని కింద అసలు టైరు బయటపడుతుంది. స్లిక్ అంటే నున్నగా ఉంటుందనుకుంటాం. దగ్గరగా చూస్తే అక్కడక్కడా గుండుసూది తలంత చిన్న గుంటలుంటాయి. కొత్త టైరులో వాటి లోతు ఎంతో ముందే తెలుసు. కొలిచే సూదిని ఆ గుంటలో దింపితే ఎంత రబ్బరు మిగిలిందో తెలిసిపోతుంది. లోపలి అంచున ఎంత, మధ్యలో ఎంత, బయటి అంచున ఎంత అని రాసుకుంటారు. బ్రిడ్జ్‌స్టోన్ తరఫున ప్రతి టీముకీ ఒక ఇంజనీరు ఉంటాడు, ఆయనా పక్కనే ఉండి చూస్తాడు. ఆ అంకెల్ని బట్టే తర్వాతి సెట్టులో గాలి ఎంత పెట్టాలి, ముందు రెక్క ఎంత తిప్పాలి, డ్రైవర్‌కి రేడియోలో ఏం చెప్పాలి అన్నది తేలుతుంది. ఇక్కడికి తెచ్చిన రెండు రకాలు సాఫ్ట్, మీడియం. పక్కన ఆకుపచ్చ చార ఉన్నది మెత్తటిది. రేసులో రెండూ వాడి తీరాలి. మెత్తటిది పట్టు ఎక్కువిచ్చి తొందరగా అలసిపోతుంది. గట్టిది ఆలస్యంగా వేడెక్కి ఎక్కువసేపు నిలుస్తుంది.

31వ ల్యాపులో ఇద్దరూ మళ్ళీ ఒకేసారి పిట్‌లోకి వచ్చారు. మళ్ళీ అదే వరుసలో వెళ్ళారు.

44వ ల్యాప్

ఇక్కడినుంచి మీ కళ్ళు రెండు కార్ల మధ్య ఖాళీ మీదే ఉంటాయి. పూహోన్‌లో కాస్త పెరుగుతుంది, బ్లాన్షిమోన్ దగ్గర తగ్గుతుంది, లా సోర్స్‌లో దాదాపు ముక్కుకి తోక ఆనుతుంది. దాటడానికి ఉన్న ఒకే చోటు కెమెల్. అక్కడికి రాగానే ఎర్ర కారుకి ఆ 80 హార్స్‌పవర్ తోడవుతుంది, ఖాళీ మళ్ళీ తెరుచుకుంటుంది. ఎన్ని ల్యాపులు తిరిగినా ఇదే లెక్క. రైకోనెన్ కూడా తప్పు చేసే మనిషి కాదు. స్పాలో 2004, 2005, 2007లో గెలిచినవాడు. ఈ ట్రాకులో ఏ అంగుళం ఏమిస్తుందో అతనికి తెలుసు.

చివరి ల్యాపు. బస్ స్టాప్ షికేన్. గీత. రైకోనెన్ మొదట. ఫిసికెల్లా 0.939 సెకను వెనక. మూడో స్థానంలో వెటెల్, ఇంకో మూడు సెకన్లకి. 308 కిలోమీటర్ల రేసులో ఒక సెకను కన్నా తక్కువ తేడా. ఆ సీజన్ మొత్తంలో ఫెరారీ గెలిచిన రేసు ఇదొక్కటే. అది కూడా ఫోర్స్ ఇండియాని వెనక పెట్టుకుని, కేర్స్‌ని అడ్డుపెట్టుకుని గెలిచింది. కారు దిగాక ఫిసికెల్లా చెప్పిందీ అదే. వేగం తనకే ఎక్కువుంది, ఆ యంత్రం లేకపోబట్టే ఓడానన్నాడు.

పోడియం మీద ఫిన్లాండ్ గీతం, ఫెరారీ కోసం ఇటలీ గీతం. జనగణమన మోగలేదు. అది గెలిచినవాళ్ళకే. అయినా ఫలితాల పట్టికలో రెండో వరుసలో భారత లైసెన్సుతో నడిచే టీము పేరుంది. దాని పక్కన 8 పాయింట్లు. ఇంగ్లండ్‌లో కట్టిన కారు, జర్మన్ కంపెనీ ఇంజన్, ఇటలీ డ్రైవర్. ఇందులో మనదెంత అని అడిగేవాళ్ళుంటారు. మనది పేరు, రంగులు, పెట్టుబడి, ఆదివారం సాయంత్రం టీవీ ముందు బిగపట్టిన ఊపిరి. నాకది చిన్న విషయం కాదు.

సెప్టెంబరు 13, మోంజా

పుకారు నిజమైంది. సెప్టెంబరు 3న ఫెరారీ ప్రకటించింది, మిగిలిన ఐదు రేసులూ ఫిసికెల్లా నడుపుతాడని. ఆ రోజు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వార్త చదివినవాళ్ళు ఉండకపోవచ్చు. పావురాలగుట్ట దగ్గర ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ శకలాలు దొరికిన రోజది. మిగతా ప్రపంచానికి మాత్రం అదొక అందమైన కథ. రోమ్ కుర్రాడు 36 ఏళ్ళకి ఎర్ర కారెక్కుతున్నాడు, అదీ మోంజాలో. కొద్దిరోజుల కిందట కారు అద్దంలో చూసి భయపడ్డ టీములోకే వెళ్తున్నాడు.

మోంజా గ్రిడ్ దగ్గరికి రండి. పోడియం కింద వేల ఎర్ర జెండాలు. ఫిసికెల్లా కారు వెతకండి. 14వ స్థానంలో ఉంది. ఇప్పుడు మొదటి వరుస చూడండి. హామిల్టన్ పక్కన రెండో స్థానంలో తెల్లటి కారు, కాషాయం, ఆకుపచ్చ. లోపల సుటిల్. మోంజా కూడా స్పాలాగే పొడవాటి స్ట్రెయిట్ల ట్రాక్, డ్రాగ్ తక్కువున్న కారుకి పుట్టిల్లు. రేసులో సుటిల్ నాలుగో స్థానంలో వచ్చాడు, అందరికన్నా వేగమైన ల్యాపూ అతనిదే. ఫిసికెల్లా బదులు వచ్చిన లియుజి కూడా కారు చెడిపోయి ఆగేదాకా పాయింట్ల స్థానంలోనే పరిగెత్తాడు. ఎర్ర కారులో ఫిసికెల్లా తొమ్మిది. ఆ ఏడాది మిగిలిన రేసుల్లోనూ ఫెరారీలో అతనికి ఒక్క పాయింటు రాలేదు. సెప్టెంబరు 30న రెండో పుకారూ నిజమైంది. స్పాలో గెలిచిన రైకోనెన్‌ని పంపించి అలోన్సోని తీసుకున్నారు.

ఫిసికెల్లాని తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. సీజను నడుస్తుండగా కారు మారడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళెవరూ తప్పుపట్టరు. కొత్త బ్రేకులు, కొత్త స్టీరింగ్ బటన్లు, అలవాటులేని కేర్స్ బరువు, టెస్టింగ్ చెయ్యడానికి అనుమతి కూడా లేదు. అతను కోరుకున్నది దొరికింది. తర్వాత ఫెరారీ జీటీ కార్లలో లెమాన్ 24 గంటల రేసులో తన తరగతిలో 2012లో, 2014లో గెలిచాడు కూడా. అతని ప్రతిభ మీద నాకే సందేహమూ లేదు. ఓ రూజ్‌లో ఆ శనివారం ల్యాపుని ఏ పటమూ, ఏ రెక్కా నడిపించలేదు, అతనే నడిపించాడు.

అయినా మోంజా గ్రిడ్ చెప్పేది చాలా స్పష్టం. డ్రైవర్ వెళ్ళిపోయాడు, వేగం వెళ్ళిపోలేదు. అది సిల్వర్‌స్టోన్‌లో రాత్రి షిఫ్టులో కార్బన్ ఫైబర్ పొరలు పేర్చినవాళ్ళది, విండ్ టన్నెల్ అంకెలు చూసి రెక్క అంచుని ఇంకో రెండు మిల్లీమీటర్లు కోసినవాళ్ళది, టైరు గుంటలో సూది దింపి లోతు రాసుకున్నవాడిది. ఫోర్స్ ఇండియా ఆ ఏడాది 13 పాయింట్లతో ముగించింది. స్పా ఎనిమిది, మోంజా ఐదు, వేర్వేరు డ్రైవర్లు, ఒకటే కారు. ఏ సీజనులోనైనా ఎవరు ఎక్కడికి వెళ్తారన్న మాటలు గాల్లో తేలుతూనే ఉంటాయి, మనమూ ఇష్టంగా వింటాం. ఈసారి అలాంటి మాట చెవిన పడినప్పుడు, ఆ డ్రైవర్ వదిలి వెళ్తున్న కారు తర్వాతి రేసులో ఎక్కడుందో కూడా చూడండి. ఆ వేగంలో ఎవరి వాటా ఎంతో అక్కడ తెలుస్తుంది.